మెట్టసీమ గృహస్థులు - ఆపత్కాల సన్నాహము

ఉపద్రవము చెప్పి వచ్చునది కాదని లోకులందురు. ఈ మాట సగమే నిజము. తుపాను నేడు చెప్పియే వచ్చుచున్నది. కఱవు నెలలకు ముందే తన రాకను దెలుపుచున్నది. చెఱువుకట్ట తెగుటకు ముందు పలుమారు దాని వెలుపలి పార్శ్వమున చెమ్మ యూరుచుండును. చెప్పినమాటను విని వెంటనే కదలుటకు గృహము సిద్ధముగ నుండకపోవుటయే మన లోపము. ఈ లోపము మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములయందు మఱింత హెచ్చుగ నున్నదని మేము భావించుచున్నాము. ఏలయన, ఇచ్చటివారు ఉపద్రవమనగా కోస్తావారిదనియు, తమది కఱవు ఒక్కటే యనియు తలంచుచుందురు.

కోస్తావారు నేర్చిన పాఠమును ముందుగ జూతము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినపుడు రమారమి పదివేలమంది అసువులు బాసిరి. నాటి గృహములకు ముందుగ తెలియజేయువారు లేరు. తెలిసినను పోయి తలదాచుకొనుటకు గట్టికట్టడములు లేవు. అటుపిమ్మట తీరమునందు తుపాను ఆశ్రయభవనములు నిర్మింపబడినవి; హెచ్చరికలు గ్రామములకు జేరు మార్గములు ఏర్పడినవి; హెచ్చరిక వినగనే ఇల్లు విడుచుట ప్రజలకు అలవాటైనది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసెను. చెట్లు, కప్పులు, విద్యుత్ స్తంభములు కూలినవి. కాని మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ప్రకృతి శాంతించినందున గాదు, ప్రజలు సన్నద్ధులైనందుననే ఈ భేదము కలిగినది.

మెట్టసీమకు సముద్రము దూరమా?

మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. అంతమాత్రమున బంగాళాఖాతమునకును మనకును సంబంధము తెగిపోలేదు. ఈ సీమకు నైరృతి ఋతుపవనముల వర్షము కొంతయు, ఈశాన్య ఋతుపవనముల వర్షము కొంతయు లభించుచున్నది. రెండవది ఆశ్వయుజ కార్తికములలో సముద్రముపై బుట్టు వాయుగుండములతో గూడి వచ్చును. అక్కడ గాలియైనది ఇక్కడికి వచ్చునప్పటికి వానయగును. ఇక్కడి కొండలపై వానయైనది దిగువవారికి వఱదయగును.

2021 నవంబరు నెలలో జరిగిన ఘోరమును ఈ సీమవారు మరవరాదు. ఆ నెల 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండము చెన్నపట్టణ ప్రాంతమున తీరము దాటెను. అంతకు ముందునుండియే చిత్తూరు, కడప జిల్లాల ఎగువప్రాంతములలో కుంభవృష్టి కురిసెను. మదనపల్లె మీదుగ బాఱు బాహుదానదియు, పింఛా నదియు కలిసి చెయ్యేరు అగుచున్నవి. పింఛా జలాశయపు కట్ట తెగెను. ఆ నీరంతయు వచ్చి పడగా రాజంపేట ఎగువనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. ఆనాడు కార్తికపౌర్ణమి. శివాలయములలో దీపములు వెలిగించుటకు వచ్చిన భక్తులును, ఇండ్లలో నున్నవారును ప్రవాహమున బడిరి. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట గ్రామములలో కుటుంబములకు కుటుంబములే నష్టపోయినవి. బాహుదా యనగా బాహువుల నొసగినది యని యర్థము. అట్టి నది ఆ యొక్క యుదయమున పదులకొలది ప్రాణములను హరించుటలో పాలుగొనెను.

అదే నెలలో, కొలదిదినములకే, తిరుపతి సమీపముననున్న రాయలచెఱువు కట్టకు గండిపడు సూచనలు గానవచ్చెను. నీరు కట్టలోనుండి ఊరుచున్నదని గుర్తించినంతనే దిగువ గ్రామములవారిని ఖాళీ చేయించిరి. కట్ట తెగలేదు; తెగియున్నను ఇండ్లలో మనుష్యులు లేరు. ఒకచోట వేళకు కదలిరి, ఇంకొకచోట కదలుటకు వేళ దక్కలేదు. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి ఆపత్సన్నాహమనగా నేమో వేఱుగ జెప్పనక్కఱలేదు.

జిల్లా యెల్లలు మాఱుచుండును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునపుడు మదనపల్లె కడపనుండియు, పుంగనూరు, కంగుంది జమీనులు ఉత్తరార్కాటునుండియు వచ్చి చేరినవి. 2022లో మదనపల్లె తిరిగి చిత్తూరునుండి విడివడి అన్నమయ్య జిల్లాలో జేరినది. నీటికి ఈ యెల్లలు తెలియవు. ఎగువ జిల్లాలో కురిసిన వాన దిగువ జిల్లావారికి ఎన్నిగంటలలో చేరునో అధికారులు లెక్కగట్టి గ్రామగ్రామమునకు తెలుపుట ప్రభుత్వధర్మము. ఆ హెచ్చరిక అందిన తరువాత మొదటి గంటలో జరుగవలసినది గృహస్థుని ధర్మము. ఒకటి లేనిచో రెండవది నిష్ఫలము.

చెఱువును ఎఱిగియుండుట

రాయలసీమలో చెఱువు త్రవ్వించినవారికిని, దానిని బాగుచేయుచు నుండువారికిని భూమిని ఇచ్చుచుండిరి. దీనిని దశబంధమనిరి. చెఱువునీటిని పంచుటకు, తూము తెఱచి మూయుటకు, కట్టను కనిపెట్టుటకు నీరుగంటి యుండెను. వాననాటి రాత్రి కంబళి కప్పుకొని కట్టపై తిరుగువాడు అతడే. నేడు బోరుబావులు వచ్చినపిమ్మట చెఱువు అనేక గ్రామములలో అనాథయైనది. కట్టపై కంపచెట్లు మొలచినవి. వాని వేళ్లు కట్టను గుల్లచేయుచున్నవి. మొరవనుండి నీరు పోవు దారిని ఆక్రమించి ఇండ్లు గట్టిరి. పది సంవత్సరములు ఎండినచెఱువు పదునొకండవ సంవత్సరమున ఒక్కరాత్రిలో నిండునపుడు ఆ నీటికి పాత దారియే తెలియును.

కావున ప్రతిగృహస్థుడును నాలుగు ప్రశ్నలకు సమాధానము దెలిసికొని యుండవలయును. మా యింటికి ఎగువన ఏయే చెఱువులున్నవి? వాని మొరవనీరు ఏదారిని పోవును? కట్టకు ముప్పు వచ్చినచో మాకు తెలియజేయువారెవరు? చీకటిలో ముసలివారితో, పిల్లలతో నడచి చేరదగిన మెఱక ఎచ్చటనున్నది? ఈ నాలుగింటికి సమాధానములు ఇంటిలోని ప్రతివారికిని, ఎనిమిదేండ్ల బాలునకు గూడ తెలియవలయును.

వంక దాటుటను గూర్చి ఒక్కమాట. ఈ సీమలో వంకలపై ఎత్తుతక్కువ వంతెనలు పెక్కులున్నవి. వేసవిలో వానిపై దుమ్ము లేచుచుండును. వాననాడు వానిపై నీరు పొరలును. నిత్యము నడచు దారియగుటచే, "ఇంతేకదా" యని దిగుదురు. వేగముగ బాఱు మోకాటిలోతు నీరు బలిష్ఠుని సైతము పడద్రోయగలదు. రెండడుగుల నీరు మోటారుబండిని తేల్చి కొనిపోగలదు. నీటిక్రింద రహదారి యున్నదో కోసుకొనిపోయినదో పైనుండి చూచువానికి దెలియదు. ఆవలిగట్టున ఎంత పనియున్నను, ఆ రాత్రి ఈవలిగట్టున బంధువుల యింటనో బడిలోనో గడపుటలో అవమానమేమియు లేదు.

కఱవు గూడ ఉపద్రవమే

వఱద ఒక్క రాత్రిలో చంపును. కఱవు మెల్లగ జంపును. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాతకఱవులో మద్రాసు రాజధానియందు లక్షలకొలది జనులు మడిసిరి. కడప, కర్నూలు, బళ్లారి సీమలు మిక్కిలి క్షోభించినవి. అంతటి కాలమున 1877లో సర్ రిచర్డు టెంపుల్ కఱవుపనులయందలి కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక యణాయు చాలునని నిర్ణయించెను. పౌనన మన తూకమున నలుబది తులములకన్న ఒకింత తక్కువ. ఆ కూలి మనుష్యుని నిలుపజాలదని ఆనాటి ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వాదించెను. కొన్నినెలలకు దానిని హెచ్చింపవలసివచ్చెను. 1880 నాటి క్షామవిచారణసంఘమును, తదుపరి క్షామనిబంధనలును ఈ విపత్తునుండియే పుట్టినవి. ఇంటిలో గింజ లేనివాని ప్రాణము పరుల లెక్కలపై వ్రేలాడునని ఈ చరిత్ర మనకు దెలుపుచున్నది.

పూర్వులు పాతరలలో గింజలు నిలువచేసిరి. రాగులు సరిగ ఎండబెట్టి దాచినచో ఏండ్లతరబడి నిలుచును. ఈ గుణముననే రాగి ఈ మెట్టసీమకు ప్రాణాధారమైనది. బియ్యము చవుకగ దొరకుచున్న నేటిదినములలో రాగిసంగటిని పేదతిండిగ నెంచి విడిచినవారు, ఇంట ఒక డబ్బా రాగులుంచుకొనుటను మాత్రము విడువరాదు. పుంగనూరు ఆవును జూడుడు. ఎత్తున చిన్నది, మేత కొద్దిపాటిది, కఱవుకాలమునకు తట్టుకొనగలది. అధికపాలకై ఆశించి అన్యజాతుల పశువులను దెచ్చుకొన్న కాలమున ఈ జాతి అంతరించుస్థితికి వచ్చెను. పలమనేరునందలి పశుపరిశోధనస్థానము దీనిని నిలుపుటకు పాటుపడుచు వచ్చినది. కఱవుసీమలో మేత తక్కువగ దిను పశువును గాపాడుకొనుటయు సన్నాహములోని భాగమే. పశువులుగల గృహస్థుడు వేసవికి ముందే గడ్డివాము ఎంతయున్నదో, ఎన్నినాళ్లకు సరిపోవునో లెక్క చూచుకొనవలయును.

నీటిమాట చెప్పుట వేఱుగ నక్కఱలేదు. వేయియడుగులు త్రవ్వినను పొడిదుమ్ము వచ్చిన బోరుబావులను ఈ సీమ ఎఱుగును. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలములు కుప్పము సీమకు జేరినవి. ఇది సంతోషింపదగినదే. కాని వందలమైళ్ల దూరమునుండి యెత్తిపోయబడి వచ్చు నీరు విద్యుత్తుపైనను, ఎగువ జలాశయములపైనను ఆధారపడియుండును. కాలువ వచ్చినదని ఇంటికప్పుపై బడు వాననీటిని వీథిపాలు చేయుట వివేకము గాదు.

ఏనుగు, పిడుగు, పాము

కుప్పము, పలమనేరు అడవియంచున నివసించువారి కష్టము వేఱు. 1980 ప్రాంతములనుండి ఏనుగులు తమిళసీమ అడవులనుండి ఇటు తరలివచ్చినవి. పిమ్మట కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. 2025లో కర్ణాటకమునుండి కుమ్కీ ఏనుగులను గూడ దెచ్చిరి. రాత్రివేళ గుంపు పొలమున బడినదని వినగనే దివిటీలతో, సెల్‌ఫోనులతో వెంటబడుట ప్రాణములతో ఆటలాడుట. పంటకు నష్టపరిహారము కోరవచ్చును. ప్రాణమునకు కోరియు ప్రయోజనము లేదు. అడవియంచు గుడిసెలో బెల్లము, ధాన్యము, అరటిగెలలు నిలువయుంచుట ఏనుగును పిలుచుటయే. పొలముచుట్టు తీగలకు విద్యుత్తు పెట్టుట నేరము. ఆ తీగ ఏనుగునకు మనుష్యునకు భేదము నెఱుగదు.

పిడుగులు ఎక్కువగ పొలమున పనిచేయువారిని, మేకలు, గొఱ్ఱెలు మేపువారిని బలిగొనుచున్నవి. మెఱుపు కనబడిన ముప్పది సెకండ్లలోపల ఉఱుము వినబడినచో వెంటనే పక్కాకట్టడములోనికి బోవలయును. కడపటి ఉఱుము వినబడిన పిమ్మట అరగంటవఱకు వెలికి రారాదు. ఒంటరిచెట్టు క్రింద నిలుచుట మిక్కిలి ప్రమాదము.

వఱద తీసినపిదప పాములు ఇండ్లలో జొరబడును. కాటుపడినచోట గట్టిగ కట్టుకట్టుట, కత్తితో గీయుట, నోటితో పీల్చుట హానికరములు. ఉంగరములు, కడియములు తీసివేసి, ఆ యవయవమును కదలనీయక, విషహరమైన మందుగల ఆసుపత్రికి తక్షణమే కొనిపోవలయును. మంత్రగానికై వెచ్చించిన గంట వైద్యునకు దక్కవలసిన గంట.

కాగితముల రక్షణ

2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున అగ్ని చెలరేగి అనేక దస్త్రములు దగ్ధమైనవి. కారణములను నిర్ణయించుట విచారణాధికారుల పని. గృహస్థుడు గ్రహింపవలసినది వేఱొకటి: తన భూమికి సాక్ష్యము ప్రభుత్వపు బీరువాలో మాత్రమే యున్నదని నమ్మి నిదురింపరాదు. వఱదలో ఇల్లు పోయినవాడు సాయముకొఱకు నిలువబోయినపుడు మొదట అడుగబడునది కాగితమే. పట్టాదారు పాసుపుస్తకము, క్రయదస్తావేజు, రేషనుకార్డు, ఆధారు, బ్యాంకుపుస్తకము, పిల్లల చదువుల ధ్రువపత్రములు—వీని నకళ్లను నీరుచొరని సంచిలో నొకచోటను, దూరపు బంధువునింట నింకొకచోటను ఉంచవలయును. సెల్‌ఫోనులోను, డిజిలాకరులోను ఉంచుకొనుట మంచిది. కాని ఫోను తడిసిననాడు కాగితమే మాటలాడును.

ఇంటిలో నుండవలసినవి

ఒక గట్టి సంచి చాలును. తలకు దినమునకు మూడు లీటర్ల చొప్పున మూడుదినములకు ద్రాగునీరు, పొయ్యి లేకుండ దినదగిన బొరుగులు, అటుకులు, వేరుసెనగలు, బెల్లము, టార్చిలైటు, అగ్గిపెట్టె, గట్టితాడు, ఈల, నిత్యము వాడు మందులు వారమునకు సరిపోవునన్ని, పసిబిడ్డలున్నచో వారికి వలసినవి, కొంత రొక్కము. నీటిని మరగకాచి త్రాగవలయును. విరేచనములు పట్టినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగ ద్రాగింపవలయును. చెంచాలు తలగొట్టినవై యుండవలయును, ఉప్పు హెచ్చరాదు. 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపకదళమునకు 101, రాష్ట్ర విపత్తు కేంద్రమునకు 1070—ఈ సంఖ్యలను, పొరుగువారి సంఖ్యలను గోడపై వ్రాసి యుంచవలయును.

కుప్పమునుండి ఎందఱో రైలెక్కి బెంగుళూరు పనులకు బోవుచున్నారు. పగటివేళ అనేక గృహములలో నుండువారు స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. మగవాడు వచ్చి చూచుకొనునను ఏర్పాటు ఏర్పాటు కానేకాదు. గ్యాసుబండ ఎట్లు కట్టివేయవలయునో, కరెంటు మెయిను ఎచ్చట ఆపవలయునో, కాగితముల సంచి ఎచ్చటనున్నదో ఇంటి ఆడువారికి తెలియకుండ సన్నాహమును గూర్చి మాటలాడుట వృథా.

లేనివాని మాటయేమి?

మేము చెప్పినదంతయు రెండుగదుల ఇల్లును, నెలకు సరిపడు వెచ్చములును గలవారికి సాధ్యము. దినకూలిపై బ్రదుకువాడు మూడుదినముల తిండిని వేఱుగ దాచుమనిన నవ్వును. ఆ నవ్వులో న్యాయమున్నది. ఒక్కగదిలో ఐదుగురున్నచోట నీటిడబ్బాలకు తావేది? ఇట్టివారిని విడిచిన సన్నాహము గ్రామసన్నాహము కాదు. ఆంధ్రదేశపు స్త్రీల పొదుపుసంఘములు నేడు ప్రతిగ్రామమునను గలవు. సభ్యురాండ్రు నెలకొక్క సేరు రాగులు వేసినను, ఏటికి ఉమ్మడిగింజలు జమపడును. బడిలోనో పంచాయతీ కార్యాలయములోనో ఎత్తుగ నొక బీరువాయందు తాళ్లు, టార్చిలైట్లు, ప్రథమచికిత్స సామగ్రి యుంచవచ్చును. నడువలేనివారు ఎవరింట నున్నారో, వారిని ఎత్తుకొనివచ్చువారెవరో ముందుగనే పేరుపేరున నిర్ణయింపవచ్చును. దీనికి సొమ్ముకంటె పొరుగుతనము ముఖ్యము.

ప్రభుత్వమునకును మా మాట యొకటి కలదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము జిల్లాకొక సంస్థను ఏర్పఱచినది. ఆ సంస్థల ప్రణాళికలు దస్త్రములలో నిద్రించుట చాలదు. ప్రతిచెఱువుకట్టకు బాధ్యుడెవడో గ్రామస్థునకు తెలియునట్లు కట్టపైననే బోర్డు పెట్టవలయును. సెల్‌ఫోనుకు వచ్చు హెచ్చరికలు చదువురానివారికి చేరవు. సెల్ సిగ్నలు అందని కొండపల్లెలకు గూడ చేరవు. అట్టిచోట దండోరాయే ఇప్పటికిని నమ్మదగిన సాధనము.

ఆయుధపూజనాడు మనము పనిముట్లను శుభ్రముచేసి, కుంకుమబెట్టి గౌరవించుచున్నాము. ఈశాన్య ఋతుపవనములకు ముందువచ్చు పండుగ అదియే. ఆనాడే టార్చిలైటు వెలుగుచున్నదో లేదో చూచుట, మందుల గడువు తేదీలను పరిశీలించుట, కాగితముల సంచిని విప్పి సరిచూచుట, పిల్లలతో మెఱకవఱకు ఒకమాఱు నడచుట ఆచారముగ జేసికొనవచ్చును. ఉగాదినాడు వేసవికై నీటిని, గడ్డిని, గింజలను లెక్కించుకొనవచ్చును. ఇతర మతస్థులు తమతమ పండుగలను ఎంచుకొనవచ్చును. ఏటికి రెండుపూటలకు మించిన కాలము దీనికి పట్టదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థులును, గృహిణులును వచ్చు వానకాలమునకు లోపలనే ఈ పనికి బూనుకొందురని ఆశించుచున్నాము.